పోకర్ నేర్చుకోవడానికి ఏది మేలు: ఫోన్‌లో యాపా, ఇంట్లో నలుగురితో ఆటా?

"బాబాయ్, పోకర్ నేర్చుకుందామనుకుంటున్నా. ఏ యాప్ వేసుకోమంటావు?"

మా బంధువుల్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. పదేళ్లుగా ఈ ఆట ఆడుతున్నాను, ఇంట్లోవాళ్లకీ స్నేహితులకీ నేర్పుతున్నాను. అందుకని ఒక యాప్ పేరు చెప్పేస్తే పని అయిపోతుందని వాళ్ల ఆశ. కానీ యాప్ పేరు ఇక్కడ చిన్న విషయం. మనం తప్పు ఆడినప్పుడు "ఇది తప్పు" అని మనకు చెప్పేదెవరు? నేర్చుకునే దారిని ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది అదే.

నా సలహా ముందే చెప్పేస్తాను. నియమాలు చేతికి అలవాటు పడటానికి రెండు వారాలు ఉచిత యాప్ చాలు. ఆ తర్వాత వారానికొకసారి ఇంట్లో నలుగురైదుగురు కూర్చుని చింతగింజలతో ఆడాలి. అనుమానం వచ్చిన చోట లెక్క చూసుకోవడానికి ఒక ఉచిత కాల్‌క్యులేటర్ దగ్గర పెట్టుకోవాలి. ఎందుకిలా అంటున్నానో, ఎవరికి ఇది సరిపోదో కింద రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి

ఇండియాలో ఉన్నవాళ్లకు డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే దారి లేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ డబ్బు పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ ఒక చట్టం చేసింది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం కూడా వచ్చింది. నైపుణ్యం ఆటా, అదృష్టం ఆటా అనే తేడాను ఈ చట్టం చూడదు. డబ్బు కట్టి, డబ్బు గెలవాలని ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషేధమే. నడిపేవాళ్లకు 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చేవాళ్లకు 2 ఏళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా.

కొందరు పెద్దవాళ్లు ఇప్పటికీ సుప్రీంకోర్టు పాత తీర్పు గుర్తుచేస్తారు. నిజమే, సికింద్రాబాదులోని ఒక క్లబ్ మీద పెట్టిన కేసులో 1967లో కోర్టు, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అని చెప్పింది. మూడు ముక్కలాటను మాత్రం అదృష్టం ఆటల్లో చేర్చింది. ఆ వాదన మీదే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ కంపెనీలు చాలా ఏళ్లు నడిచాయి. కొత్త చట్టం వచ్చాక ఆన్‌లైన్ ఆట విషయంలో ఆ తేడా చూపించి బయటపడే వీలు లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. "ఇది ఉచిత యాప్ అన్నా, చిప్స్‌కి (పందెం బిళ్లలకి) విలువ లేదు, లెక్క మాత్రం బయట యూపీఐలో చూసుకుందాం" అని వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో ఏజెంట్లు పిలుస్తారు. మా కజిన్ ఒకతను అలా ఒక క్లబ్‌లో చేరాడు. మొదటి వారం గెలిచిన డబ్బు వెంటనే పంపారు. రెండో నెల పోయినదానికి వేధింపులు మొదలయ్యాయి, గెలిచినది అడిగితే నంబర్ బ్లాక్ చేశారు. ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో తెలియక ఇంట్లో దాచాడు. నాలుగు నెలలు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు, ఆ టెన్షన్ ఎంతుండేదో నేను దగ్గరుండి చూశాను. ఆట నేర్చుకోవడానికి అలాంటి చోటికి వెళ్లాల్సిన అవసరం ఎవరికీ లేదు.

విదేశాల్లో ఉన్న మనవాళ్ల పరిస్థితి వేరు. అమెరికాలో న్యూజెర్సీ, నెవాడా, డెలావేర్, పెన్సిల్వేనియా, మిషిగన్ వంటి కొన్ని రాష్ట్రాల్లో లైసెన్సున్న సైట్లలో 21 ఏళ్లు దాటినవాళ్లు ఆడవచ్చు. టెక్సస్‌లో ఉన్నవాళ్లకు ఆ సౌకర్యం లేదు, ఆట పేరులోనే టెక్సస్ ఉన్నా సరే. బ్రిటన్‌లో 18 ఏళ్లు నిండాలి, సైటుకు గ్యాంబ్లింగ్ కమిషన్ లైసెన్సు ఉండాలి. ఆస్ట్రేలియాలో 2017 సవరణ తర్వాత డబ్బుతో ఆన్‌లైన్ పోకర్ అందించడం నిషేధం. చట్టం ఒప్పుకునే చోట ఉన్నా, మొదటి ఆరు నెలలు డబ్బు జోలికి పోవద్దనే నేను చెప్తాను. నేర్చుకునే దశలో పోయే డబ్బు పాఠం చెప్పదు, కోపం తెప్పిస్తుంది. ఆ కోపంలో తర్వాతి పది ఆటలు చెడతాయి.

రమ్మీ, మూడు ముక్కలాట వచ్చినవాళ్లు జాగ్రత్తగా చదవాల్సిన భాగం

పెళ్లి విడిది ఇంట్లో దుప్పటి పరిచి ఆడే పదమూడు ముక్కల రమ్మీ, సంక్రాంతి సెలవుల్లో మూడు ముక్కలాట చూస్తూ పెరిగినవాళ్లకు పోకర్ సగం వచ్చినట్టే అనిపిస్తుంది. చిక్కంతా ఆ సగంలోనే ఉంది. నేను నేర్పినవాళ్లలో పేక అసలు పట్టనివాళ్ల కంటే మూడు ముక్కలాట బాగా ఆడేవాళ్లే మొదటి వారంలో ఎక్కువ తడబడ్డారు.

అన్నిటికంటే పెద్ద తడబాటు కలర్, సీక్వెన్స్ దగ్గర వస్తుంది. మూడు ముక్కలాటలో సీక్వెన్స్ కలర్‌ను కొడుతుంది. పోకర్‌లో తిరగబడుతుంది: అయిదు ముక్కలూ ఒకే రంగు (అన్నీ ఇస్పేట్లే అన్నట్టు), అంటే ఫ్లష్, వరసగా వచ్చే స్ట్రెయిట్‌ను కొడుతుంది. దీనికి కారణం లెక్కే. మూడు ముక్కలు పంచితే వచ్చే 22,100 కలయికల్లో సీక్వెన్సులు 768, వాటిలో 48 ప్యూర్ సీక్వెన్సులు (ఒకే రంగువి). ఉత్త కలర్లు 1,096. అంటే సీక్వెన్స్ అరుదు. అయిదు ముక్కలకు వచ్చేసరికి కలయికలు 25,98,960. అందులో స్ట్రెయిట్లు 10,200, ఫ్లష్‌లు 5,108. ఇక్కడ ఫ్లష్ అరుదు. ఏది అరుదుగా వస్తుందో అదే పెద్దది, రెండు ఆటల్లోనూ సూత్రం ఒకటే. ఈ కారణం తెలిస్తే వరస బట్టీ పట్టే పని ఉండదు.

ట్రయిల్ సంగతీ అంతే. మూడు ముక్కలాటలో మూడు రాజులు పడితే మూడు ఆసులు తప్ప కొట్టేది లేదు. పోకర్‌లో మూడు రాజులు మంచివే కానీ స్ట్రెయిట్, ఫ్లష్, ఫుల్ హౌస్ (ఒకే అంకె మూడు, ఇంకో అంకె జత), నాలుగు ఒకే అంకె ముక్కలు, స్ట్రెయిట్ ఫ్లష్ అన్నీ వాటి మీద ఉంటాయి. ఆసు-2-3కి మూడు ముక్కలాటలో చాలా ఇళ్లలో పెద్ద పీట వేస్తారు. పోకర్‌లో ఆసు-2-3-4-5 స్ట్రెయిట్‌లన్నిటిలో చిన్నది.

మాటలు కూడా మోసం చేస్తాయి. మనకు బ్లైండ్ అంటే ముక్కలు చూడకుండా పందెం కాయడం. పోకర్‌లో బ్లైండ్ అంటే ముక్కలు పంచకముందే డీలర్ తర్వాతి ఇద్దరూ తప్పనిసరిగా పెట్టాల్సిన చిప్స్, చిన్న బ్లైండ్ ఒకరు, పెద్ద బ్లైండ్ ఒకరు. ముక్కలు ఎవరైనా చూసుకోవచ్చు. మా అత్తయ్య మొదటిసారి కూర్చున్నప్పుడు అరగంట పాటు తన రెండు ముక్కలూ తిప్పి చూడలేదు, బ్లైండ్ వాళ్లు చూడకూడదేమో అనుకుని.

రమ్మీవాళ్ల అలవాటు ఇంకో రకం. 101 రమ్మీలో ముక్కలు బాగాలేక మొదట్లోనే డ్రాప్ అయితే 20 పాయింట్లు పడతాయి, మధ్యలో అయితే 40. అందుకని వచ్చిన ముక్కలతోనే ఎలాగోలా లాక్కొస్తారు, కావాల్సిన ముక్క కోసం ఎదురుచూస్తారు. పోకర్‌లో బ్లైండ్ కట్టని చోట కూర్చున్నప్పుడు ఫోల్డ్ చేస్తే, అంటే ముక్కలు వదిలేస్తే, పోయేది సున్నా. ఎదురుచూపుకే ఖర్చు. ప్రతి చుట్టూ పందెం పెరుగుతూ పోతుంది.

ఏ ఆట, ఏ పద్ధతి

టెక్సస్ హోల్డెమ్‌తోనే మొదలుపెట్టండి, ఇందులో నాకు అనుమానమేమీ లేదు. ఒక్కొక్కరికి రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి అయిదు ముక్కలు. ఆ అయిదులో మొదట మూడు కలిపి తెరుస్తారు, అది ఫ్లాప్. తర్వాత ఒకటి టర్న్, చివరిది రివర్. ఈ ఏడు ముక్కల్లో మంచి అయిదు ఎవరికి వస్తే వాళ్లది గెలుపు. మధ్యమధ్య నాలుగుసార్లు పందెం. పాఠాలు, యాప్‌లు, లెక్కల సాధనాలు అన్నీ ఎక్కువగా ఈ ఆట చుట్టూనే ఉన్నాయి.

ఒమాహాలో నాలుగు ముక్కలు పంచుతారు కాబట్టి మజా ఎక్కువనిపిస్తుంది. కానీ చేతిలోవి కచ్చితంగా రెండు, బల్ల మీదివి కచ్చితంగా మూడు వాడాలి. బల్ల మీద నాలుగు ఇస్పేట్లుండి చేతిలో ఒక్క ఇస్పేటే ఉంటే ఫ్లష్ లేనట్టే. కొత్తవాళ్లు ఇది గ్రహించేలోపు చిప్స్ అయిపోతాయి. హోల్డెమ్ ఏడాది ఆడాక చూసుకోవచ్చు.

యాప్ తెరవగానే క్యాష్ టేబుల్, టోర్నమెంట్, సిట్ అండ్ గో అని మూడు కనిపిస్తాయి. ఉచిత చిప్స్‌తో ఆడేటప్పుడు క్యాష్ టేబుల్ వద్దు. చిప్స్ అయిపోతే యాప్ మళ్లీ ఇస్తుంది, అందుకని ఎదుటివాళ్లు ముక్కలు చూడకుండానే ఆల్-ఇన్ (ఉన్న చిప్స్ అన్నీ పందెం) అనేస్తుంటారు. అక్కడ నేర్చుకోవడానికి ఏమీ ఉండదు. పెద్ద టోర్నమెంట్ గంటల తరబడి సాగుతుంది, చదువుకునే పిల్లలకు అది మంచిది కాదు. ఆరుగురు లేదా తొమ్మిదిమంది కూర్చునే సిట్ అండ్ గో మేలు. అందరికీ ఒకేలా కొన్ని చిప్స్ ఇస్తారు, అవి పోతే ఆటలోంచి ఔట్. ఊరికే వచ్చిన చిప్స్ అయినా, ఔట్ అవుతామన్న బెంగ వల్ల జనం కాస్త ఆలోచించి ఆడతారు. ఆరు కుర్చీల బల్ల ఎంచుకుంటే మీ వంతు త్వరగా వస్తుంది, డీలర్ బటన్ (డీలర్ ఎవరో చూపే బిళ్ల) దగ్గర కూర్చున్నప్పుడు చివర్లో మాట్లాడే లాభం ఎంతో కూడా త్వరగా తెలుస్తుంది.

ఒకే హ్యాండ్, నాలుగు బడులు

ఇప్పుడు అసలు పోలిక. నేర్చుకునే చోట్లు నాలుగున్నాయనుకుందాం: ఉచిత యాప్, ఇంటి బల్ల, లెక్కల సాధనం, వీడియో పాఠం. ఏది మంచిదో గాలిలో చెప్పకుండా ఒకే హ్యాండ్ (ఒకసారి ముక్కలు పంచి ఆడే ఆట) తీసుకుని నాలుగు చోట్లా ఏం జరుగుతుందో చూద్దాం.

మీ చేతిలో ఇస్పేటు ఆసు, ఇస్పేటు 9. ఫ్లాప్‌లో ఇస్పేటు రాజు, ఇస్పేటు 6, ఆఠీను 2 పడ్డాయి. ఇంకొక్క ఇస్పేటు వస్తే మీకు ఫ్లష్, అదీ అన్నిటికంటే పెద్ద ఫ్లష్. పాట్‌లో, అంటే బల్ల మధ్య పోగైన పందెంలో, 100 చిప్స్ ఉన్నాయి. ఎదుటివాళ్లు 50 పెట్టారు. మీరు 50 పెట్టి 150 గెలవడానికి చూస్తున్నారు. మొత్తం 200లో మీ వాటా 50, అంటే నాలుగుసార్లలో ఒక్కసారి గెలిచినా నష్టం లేదు, 25 శాతం. మిగిలిన ఇస్పేట్లు 9. కనిపించని ముక్కలు 47. వచ్చే ముక్కలోనే ఇస్పేటు పడే అవకాశం సుమారు 19 శాతం, రెండు ముక్కలూ చూడగలిగితే 35 శాతం. ఆసు పడినా పనికిరావచ్చు. ఫ్లష్ కుదిరితే ఎదుటివాళ్లు ఇంకా చిప్స్ ఇస్తారు. కాల్ చెయ్యడం, అంటే వాళ్లు పెట్టినంతే పెట్టి ఆటలో ఉండటం, సబబే.

టర్న్‌లో కళావరు 10 పడింది. మీకేం పనికిరాదు. పాట్ 200. ఎదుటివాళ్లు ఈసారి 200 పెట్టారు. మీరు 200 పెట్టి 400 కోసం చూడాలి, అంటే 33 శాతం కావాలి. కనిపించని 46 ముక్కల్లో 9 ఇస్పేట్లు, ఇరవై శాతం కూడా లేదు. మూడు ఆసులూ పనికొస్తాయనుకున్నా 26 శాతం. ఫోల్డ్ చెయ్యాలి. కొత్తవాళ్లు నూటికి తొంభైమంది ఇక్కడ ఫోల్డ్ చెయ్యరు. "ఇంతదూరం వచ్చాం కదా" అంటారు.

ఉచిత యాప్‌లో ఏం జరుగుతుంది? మీరు కాల్ చేస్తారు. అయిదుసార్లలో ఒకసారి రివర్‌లో ఇస్పేటు పడుతుంది. తెర మీద చిప్స్ వాన కురుస్తుంది, గంటలు మోగుతాయి. తప్పు ఆట ఆడినందుకు యాప్ మీకు బహుమతి ఇచ్చినట్టయింది. మిగిలిన నాలుగుసార్లు పోతాయి, కానీ ఎందుకు పోయాయో అది చెప్పదు, వెంటనే తర్వాతి ముక్కలు పంచేస్తుంది. యాప్‌లో ఉన్న గొప్ప లాభం వేగం. గంటకు 60 నుంచి 70 హ్యాండ్లు చూడగలరు. ఎవరి వంతు ఎప్పుడు, చెక్ అంటే ఏమిటి, రైజ్ ఎంత చెయ్యొచ్చు, ఎవరి ముక్కలు పెద్దవి, ఇవన్నీ రెండు వారాల్లో అలవోకగా వచ్చేస్తాయి. ఇంతవరకు యాప్‌ను మించింది లేదు. ఇది దాటాక యాప్ దగ్గర పాఠం అయిపోతుంది.

పైగా ఆ యాప్‌లు చిప్స్ అమ్ముతాయి. కొన్న చిప్స్ తిరిగి డబ్బుగా రావు. ఫోన్ ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకుని అప్పుడు ఆడండి. ఇంట్లో పిల్లల చేతికి ఫోన్ ఇచ్చేవాళ్లయితే ఇది తప్పనిసరి.

ఇంటి బల్ల దగ్గర అదే హ్యాండ్ చూద్దాం. మీరు 200 పెట్టి కాల్ చేశారు, ఇస్పేటు పడలేదు, చింతగింజలు పోయాయి. వెంటనే పక్కనున్న వదినో, స్నేహితుడో అడుగుతారు: "ఏం చూసుకుని కాల్ చేశావ్?" మీరు సమాధానం చెప్పాలి. నోటితో కారణం చెప్పబోతేనే అది ఎంత బలహీనమో మీకే తెలిసిపోతుంది. నాకు ఈ ఆటలో వచ్చిన మార్పంతా ఆ ఒక్క ప్రశ్న వల్లే వచ్చింది. ఎదుటి మనిషిని చదవడం కూడా ఇక్కడే అలవడుతుంది. మా తమ్ముడు మంచి ముక్కలు పడితే టీ గ్లాసు ముట్టుకోడు. ఆన్‌లైన్‌లో గ్లాసు కనిపించదు కానీ, ఎవరు ఎప్పుడు ఎంత పెడుతున్నారో గమనించే అలవాటు మాత్రం అక్కడికీ వస్తుంది.

లోటు ఏమిటంటే వేగం. చేత్తో పంచితే గంటకు 25, 30 హ్యాండ్లు కూడా కష్టమే. నలుగురిని కూడగట్టడం ఇంకా కష్టం. ఇంకో లోటు ఉంది: అందరూ కొత్తవాళ్లే అయితే అందరూ కలిసి ఒకే తప్పు నేర్చుకుంటారు. "ఫ్లష్‌కి ఒక్క ముక్క తక్కువుంటే ఎంతైనా కాల్ చెయ్యాలి" అని బల్లంతా నమ్మితే అడిగేవాళ్లు ఉండరు. అందుకే మూడో సాధనం కావాలి.

లెక్కల సాధనం, అంటే ఈక్విటీ కాల్‌క్యులేటర్. ఈక్విల్యాబ్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి, బ్రౌజర్‌లో పనిచేసేవీ ఉన్నాయి. మీ రెండు ముక్కలు, ఎదుటివాళ్ల ముక్కలు, బల్ల మీదివి ఇస్తే ఎవరికి ఎంత శాతమో చెప్తుంది. పై హ్యాండ్‌లో ఎదుటివాళ్ల దగ్గర రాజుల జత ఉన్నట్టు పెట్టి, టర్న్ ముక్కతో సహా ఇచ్చి చూడండి. అక్కడ వాదన ఆగిపోతుంది. అయితే ఇది ఆట అయ్యాక చూసుకోవాల్సిన వస్తువు, ఆడుతూ చూస్తే నేర్చుకునేది ఉండదు. ఆట మధ్యలో వాడుకోవడానికి ఒక చిన్న గుర్తు చాలు: పనికొచ్చే ముక్కలెన్నో లెక్కపెట్టి, ఒక ముక్క రావాల్సి ఉంటే 2తో, రెండు రావాల్సి ఉంటే 4తో గుణించండి. 9 ఇస్పేట్లకు 18, 36. అసలు లెక్కలు 19, 35. ఇంత దగ్గరగా వస్తే చాలు.

సాల్వర్ అని ఇంకో రకం సాధనాలున్నాయి, చాలావాటికి డబ్బు కట్టాలి. అవి ఎదుటివాళ్లు కూడా తప్పులేకుండా ఆడతారని అనుకుని జవాబు చెప్తాయి. ఇద్దరు ఆడే లిమిట్ హోల్డెమ్‌ను (పందెం ఇంతే అని హద్దుండే రకం) అల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో దాదాపు పూర్తిగా ఛేదించారు. 2019లో ప్లూరిబస్ అనే ప్రోగ్రామ్ ఆరుగురి నో-లిమిట్ ఆటలో ప్రొఫెషనల్స్‌ను ఓడించింది. అద్భుతమైన పని. కానీ మొదటి ఏడాది మీ ఎదుట కూర్చునేది మీ కజిన్. అతను ప్రతి హ్యాండ్‌కూ కాల్ చేస్తాడు. సాల్వర్‌కు డబ్బు కట్టకండి.

వీడియో పాఠాల్లో పై హ్యాండ్‌ను ఒక అనుభవజ్ఞుడు ఆడుతూ మనసులో మాట పైకి చెప్తాడు. అది విలువైనదే. నేను సూచించేది ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో ఉన్న పోకర్ కోర్సు. 2015లో అక్కడి విద్యార్థులకు చెప్పిన పాఠాలవి, వీడియోలన్నీ ఉచితం, పందెం లేదు. ఇంగ్లీషులో ఉంటాయి, కాస్త లెక్కలు తెలిసుండాలి. ఇంటర్ ఎంపీసీ చదివినవాళ్లు హాయిగా అందుకుంటారు. మిగతా వీడియోల విషయంలో ఒకటే పరీక్ష: కింద "ఈ లింకుతో చేరండి, బోనస్ వస్తుంది" అని ఉంటే అది పాఠం కాదు, ప్రకటన. వదిలెయ్యండి. వీడియో చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది, ఆటలో కూర్చుంటే చెయ్యి మళ్లీ కాల్ మీదికే పోతుంది. అందుకే దీన్ని నేను నాలుగో స్థానంలో పెడతాను.

పెద్ద విజేతల కథలు చూసి మొదలుపెట్టేవాళ్లకు ఒక మాట. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ 86 డాలర్ల ఆన్‌లైన్ పోటీ గెలిచి, దాని ద్వారా లాస్ వేగాస్‌లో వరల్డ్ సిరీస్ మెయిన్ ఈవెంట్‌కు వెళ్లి 25 లక్షల డాలర్లు గెలిచాడు. నిజంగా జరిగిందే. ఆ బల్లల దగ్గర మొత్తం 839 మంది కూర్చున్నారు. మిగిలిన 838 మంది కథలు మనదాకా రాలేదు.

ఎవరికి ఏది

హాస్టల్లో ఉన్నవాళ్లకు బల్ల దొరకడం తేలిక, గదిలోనే ఆరుగురుంటారు. యాప్ వారం రోజులు చాలు. కానీ హాస్టల్లో "ఊరికే పదిరూపాయలు పెడదాం" అనే మాట రెండో రాత్రే వస్తుంది. పదిరూపాయలు వందవడానికి ఎంతో కాలం పట్టదు. ముందే వద్దని చెప్పగలిగినవాళ్లతోనే కూర్చోండి.

ఒంటరిగా వేరే ఊళ్లో ఉద్యోగం చేసుకునేవాళ్లకు బల్ల కుదరదు. వాళ్లకు యాప్‌లో సిట్ అండ్ గో, పక్కన నోట్‌బుక్. రోజుకు ఒకే ఆట. అందులో అనుమానం వచ్చిన మూడు హ్యాండ్లు రాసుకుని, మర్నాడు కాల్‌క్యులేటర్‌లో చూసుకోవాలి. మర్నాడు అని ఎందుకంటున్నానంటే, ఓడిన రాత్రి లెక్కలు చూసుకుంటే మనం ఆడిందే రైటని నిరూపించుకోవడానికి చూస్తాం.

రమ్మీలో పండిపోయిన పెద్దవాళ్లకు యాప్ అక్కర్లేదనే అంటాను. పేక వాళ్ల చేతిలో ఉంటేనే బుర్ర పనిచేస్తుంది. ఫ్లష్, స్ట్రెయిట్ వరస ఒక అట్టముక్క మీద రాసి ఎదురుగా పెట్టండి, రెండు శనివారాల్లో పిల్లలకు వాళ్లే నేర్పుతారు. ఎవరి చేతిలో ఏ ముక్కలుండొచ్చో ఊహించడం రమ్మీలో దశాబ్దాలుగా చేస్తున్న పనే కదా.

ఆట మానలేకపోతున్నామని, నిద్ర, చదువు, డబ్బు పాడవుతున్నాయని అనిపిస్తే, అది ఉచిత యాప్ అయినా సరే, ఆపి 14416కి ఫోన్ చెయ్యండి. అది ప్రభుత్వ టెలి మానస్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇంటి బల్ల వేసుకునే విధానం

ఒక పేక, నలుగురి నుంచి ఆరుగురు, ఒక డబ్బా చింతగింజలు, గుప్పెడు గవ్వలు. గింజ 10, గవ్వ 100 అనుకోండి. ఒక్కొక్కరికి 2,000 వచ్చేలా పంచండి. బ్లైండ్లు 10, 20తో మొదలుపెట్టి ప్రతి ఇరవై నిమిషాలకూ రెట్టింపు చెయ్యండి, రెండు గంటలు దాటకుండా ఆట ముగుస్తుంది. మొదట ఔటైనవాళ్లు ఇంటికి పోకుండా డీలర్‌గా కూర్చోవాలి. పందెంలో లేకుండా చూస్తే ఎవరు ఎలా ఆడుతున్నారో అన్నిటికంటే బాగా కనిపిస్తుంది. ఎవరు ఎన్నో స్థానంలో నిలిచారో గోడ క్యాలెండర్ మీద రాయండి, ఎనిమిది వారాలకు మొత్తం కూడండి. డబ్బు లేకపోయినా ఆ పట్టిక కోసం మా ఇంట్లో జనం ఎంత జాగ్రత్తగా ఆడతారో చెప్పలేను.

ఏ ముక్కలతో దిగాలో తెలియనివాళ్లకు మొదటి నెలకు ఈ హద్దు సరిపోతుంది: ఏ జతైనా సరే, రెండూ 10 కంటే తక్కువ కాని ముక్కలు, లేదా ఆసుతో పాటు అదే రంగు ముక్క. వచ్చే అవకాశమున్న 1,326 కలయికల్లో ఇవి 270, అంటే సుమారు అయిదింట ఒకటి. మిగతా నాలుగుసార్లు ఫోల్డ్ చేసి చూస్తూ కూర్చోవాలి. ఇంత ఫోల్డ్ చెయ్యాలా అని విసుగొస్తుంది, రావాలి కూడా.

మొదటి శనివారం మాత్రం అరగంట సేపు అందరూ ముక్కలు బల్ల మీద తెరిచి పెట్టి ఆడండి. ఎవరి చేతిలో ఏముందో అందరికీ కనిపిస్తూ ఉంటుంది, ఎవరు కాల్ చెయ్యాలి, ఎవరు ఫోల్డ్ చెయ్యాలి అని అందరూ కలిసి మాట్లాడుకుంటారు. మా ఇంట్లో ఫ్లష్ పెద్దదా, స్ట్రెయిట్ పెద్దదా అనే గొడవ ఆ అరగంటలోనే తీరిపోయింది.